బుష్‌కు నూనె, గేరుకు గ్రీసు

ఫిల్మ్ నగర్‌లో నా పక్కన కూర్చుని భోజనం చేసినవాళ్ళలో చాలామంది నా ఫ్యాను కథ వినే ఉంటారు. టోలిచౌకి నుంచి వచ్చిన ఒక మెకానిక్ పాతకాలపు ఫ్యానులో ఏదో చెత్త నూనె పోశాడని, హీరో తండ్రి చనిపోయే సీను మధ్యలో అది పొగలు కక్కిందని, చనిపోతున్న నటుడు మంచం మీంచి లేచి అందరికన్నా ముందు బయటికి పరిగెత్తాడని. ఆ చివరి ముక్క దగ్గర ఎవరైనా నవ్వాల్సిందే. పదహారేళ్ళు చెప్పాను ఆ కథ. ఆర్టు డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరినవాళ్ళకు జాగ్రత్త నేర్పుతున్నానన్న మిషతో చెప్పాను. చెప్పేకొద్దీ మెకానిక్ నోట్లో కొత్త కొత్త మాటలు కూడా పెట్టాను, ఆయన ఎన్నడూ అననివి.

పొగ వచ్చింది నిజం. నటుడు పరిగెత్తింది నిజం. మెకానిక్ తప్పు చేశాడన్నది అబద్ధం. ఆ మోటారును కాల్చింది నేను. ఎలా కాల్చానో నాకు తెలుసు, దాన్ని మళ్ళీ ఎలా బిగించానో కూడా తెలుసు. రెండూ వరసగా రాస్తున్నాను. ఇకమీద ఎవరైనా ఆ కథ చెప్పాలనుకుంటే ఇలా చెప్పండి.

అప్పట్లో నేను ఒక ఆర్టు డైరెక్టరు దగ్గర మూడో అసిస్టెంటును. గుంటూరు వైపు నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. కృష్ణానగర్‌లో ముగ్గురం కలిసి ఉన్న గదిలో నా వాటా ఒక చాప, గోడకు రెండు మేకులు. సెట్టులో కనబడే ప్రతి వస్తువునూ మావాళ్ళు ప్రాపర్టీ అంటారు. దాన్ని వెతికి తేవడం, తుడవడం, పెట్టిన చోట పెట్టినట్టు ఉంచడం నా పని. ఆ పనిలో నేను గట్టివాణ్ణే. అందులో సందేహం లేదు, అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

సినిమా పాతకాలపు కథ. హీరో తండ్రి అయిన ప్లీడరు గారి ఇల్లు సెట్టు వేశాం. ఆయన మంచం పక్కన బల్ల మీద పెట్టడానికి నేనొక ఫ్యాను సంపాదించాను. ఇనుప శరీరం, నాలుగు ఇత్తడి రెక్కలు, రెండు చేతులతో ఎత్తితే గానీ లేవదు. పాత సామాన్ల దుకాణంలో ఎన్నేళ్ళు పడుందో, షాఫ్టు బిగుసుకుపోయి రెక్కలు కదలడం లేదు.

"తిరగాల్రా," అన్నాడు ఆర్టు డైరెక్టరు. "బొమ్మలా కూర్చునే ఫ్యాను నా సెట్లో వద్దు."

ఎవరో చెబితే టోలిచౌకి వెళ్ళాను. టీ కొట్టుకూ టైలరు దుకాణానికీ మధ్య ఇరుకు కొట్టు. గోడ నిండా ఫ్యాన్లు, అన్నీ పాతవే. యాభై దాటిన మనిషి, అందరూ చాచా అనే పిలిచేవారు. మెదక్ వైపు ఊళ్ళో తెలుగు బడిలో చదువుకున్నాడట. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మోటారు విప్పాడు. పెళ్ళివారికి ఇల్లు చూపించినట్టు ఒక్కో భాగమూ చూపించాడు.

"ఇటు సూడు ఆర్టు సార్. నడిమిట్ల తిరిగే కడ్డీ ఉంది గదా, షాఫ్టు, అది ఈ కంచు గొట్టంల తిరుగుతది. దీన్ని బుష్ అంటరు. దీనికి నూనె పొయ్యాలె. సన్నది, కుట్టుమిషన్ల పోస్తరు సూడు, అది. ఇగ ఎనక ఫ్యాను తలకాయను అటిటు తిప్పే గేరుంటది. దానికి గ్రీసు. ఉల్టా చేసినవనుకో, ఖతం."

"గుర్తుంటుంది చాచా."

"గుర్తుంటదనే అందరంటరు. అందుకే నేను రాస్త."

వడ్రంగి పెన్సిలు తీసి మోటారు వెనక మూత లోపలి వైపు రాశాడు. ఆయన విప్పిన ప్రతి మోటారులోనూ అలా రాస్తాడని అప్పుడే తెలిసింది. ఏం పోశాడు, ఏం పోయకూడదు. "రేపు ఇంకోడు ఇప్పుతడు. ఇప్పినోడు ముందుగాల ఇది సదువుతడు. డాక్టరు చీటీ లెక్క," అన్నాడు.

అంతా బిగించాక కరెంటు పెట్టలేదు. ముందుకు వంగి ఒక రెక్క మీద ఉఫ్‌మని ఊదాడు. అంత బరువు రెక్కలు నెమ్మదిగా కదిలి, పావు చుట్టు తిరిగి ఆగాయి. "ఊపిరికి తిరగాలె. గదీ లెక్క," అన్నాడు.

షూటింగు మొదటి రోజు డైరెక్టరు మానిటరు ముందు కూర్చుని పెదవి విరిచాడు. "ఇత్తడి రెక్కలు, ఇత్తడి రెక్కలు అని అంత చెప్పారు. ఎక్కడండీ? తెల్లటి పళ్ళెం తిరుగుతున్నట్టుంది."

నిజమే. అన్నిటికన్నా తక్కువ స్పీడులో పెట్టినా రెక్కలు విడివిడిగా కనబడడం లేదు. లైట్ డిపార్ట్‌మెంటు పెద్దాయన దగ్గరికొచ్చి, "మా డిమ్మర్ పెడదామా తమ్ముడూ? కరెంటు తగ్గిస్తే అదే నెమ్మదిస్తది," అన్నాడు. లైట్ల వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ వాళ్ళ దగ్గరుండే పెట్టె అది. రెండు నిమిషాల పని.

నేను వద్దన్నాను. ఆర్టు వాళ్ళ వస్తువు లైట్ వాళ్ళ చేతికెళ్ళడమా? ఆ మధ్యనే ఒక షాండిలియర్, పైనుంచి వేలాడే దీపాల గుత్తి, ఎవరిదన్న దగ్గర రెండు డిపార్ట్‌మెంట్లకూ మాటా మాటా వచ్చింది. "అక్కర్లేదన్నా, మేం చూసుకుంటాం. అరగంట చాలు," అన్నాను.

ఫ్యాను మోసుకుని సెట్టు గోడల వెనక్కి వెళ్ళాను. మూత విప్పాను. చాచా రాసిన అక్షరాలు ఎదురుగా కనబడ్డాయి. చదివాను. చదవలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు, ఎవరూ కాదనలేరు. కానీ చదివాను. చదివాకే ప్రాపర్టీ పెట్టెలోంచి ఒక పాత తోలు చెప్పు తీసి, అడుగు భాగం గుండ్రంగా కత్తిరించి, మధ్యలో చిల్లు పొడిచి వాషరులా షాఫ్టుకు తొడిగాను. అది అటూ ఇటూ రాసుకుంటూ షాఫ్టును పట్టి ఆపుతుంది. అదీ చాలదనిపించి కెమెరా ట్రాలీ చక్రాలకు పూసే గ్రీసు వేలితో తీసి బుష్ నిండా కూరాను. నూనె పోసే చిల్లులో కూడా.

ఫ్యాను తిరిగింది. ఏనుగు చెవి ఆడించినట్టు తిరిగింది. నాలుగు రెక్కలూ నాలుగుగా కనబడ్డాయి, ఒక్కొక్కటీ లైటుకు మెరిసి వెళ్ళిపోతోంది. "అదీ!" అన్నాడు డైరెక్టరు. ఆర్టు డైరెక్టరు నా వీపు మీద చరిచి, "నీ బుర్రే బుర్రరా," అన్నాడు. ఆ రోజు ఆ మాట చాలా రుచిగా ఉంది.

రెండో రోజు భోజనాలయ్యాక చనిపోయే సీను. పొద్దుటి నుంచీ ఫ్యాను ఆపకుండా తిరుగుతూనే ఉంది. ముందు వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, అది తోలు అని నాకు తెలిసింది. తర్వాత రెక్కలు ఆగిపోయాయి. తిరగలేని మోటారులోకి కరెంటు వస్తూనే ఉంటే లోపల తీగ చుట్టిన కాయిల్ కాలిపోతుంది. నల్లటి పొగ లేచింది. నటుడు పరిగెత్తాడు. అందరూ నవ్వారు, డైరెక్టరు తప్ప. అప్పటికి తీసిన షాట్లన్నిటిలో ఆ ఫ్యాను తిరుగుతూ ఉంది. ఇప్పుడది తీసేసి షాటు పెట్టడానికి లేదు. షూటింగు ఆగిపోయింది.

"ఏం చేశావురా?" అన్నాడు ఆర్టు డైరెక్టరు.

"నేనేం చేశాను సార్? మెకానిక్ ఏ నూనె పోశాడో ఏమో."

అదే మాట. అంతకన్నా ఎక్కువ అనలేదు, అక్కర్లేకపోయింది. ప్రొడక్షన్ కారు టోలిచౌకి వెళ్ళి చాచాను తీసుకొచ్చింది. యాభైమంది మధ్య, భుజం మీద తువ్వాలుతో నిలబడ్డాడు. ఆర్టు డైరెక్టరు ఆయన్ను కడిగేశాడు. "పెద్దమనిషివని నమ్మితే సెట్టు తగలబెట్టేవాడివి కదయ్యా!"

"జర తెరుస్త సార్. లోపల ఏమయిందో సూస్త," అన్నాడు చాచా.

నేను ఫ్యానుకు అడ్డంగా నిలబడ్డాను. "ఇంకా తెరవడానికేముంది చాచా? కాలి బూడిదయింది."

"తెరవక్కర్లేదు, వెళ్ళు," అన్నాడు ఆర్టు డైరెక్టరు.

చాచా తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "నూనె మంచిదే పోసిన సార్," అన్నాడు. తువ్వాలు సర్దుకుని, "ఏమో మరి. ఎట్లయిందో," అన్నాడు. వెళ్ళిపోయాడు. ఆ 'ఏమో' నాకు బాగా వినబడింది.

ఆ సీనులో కరెంటు పోయినట్టు ఒక డైలాగు కలిపి, ఆగిన ఫ్యానుతోనే పూర్తి చేశారు. కాలిన ఫ్యానును నేనే అడిగి తీసుకున్నాను, గుర్తుగా ఉంచుకుంటానని. పని మీద అంత ప్రేమ ఉన్న కుర్రాణ్ణి చూళ్ళేదని ప్రొడక్షన్ మేనేజరు అందరికీ చెప్పాడు. దాన్ని ఇంకెవరూ విప్పకూడదన్నది నా ఉద్దేశం. కృష్ణానగర్‌లో ప్రాపర్టీలు అద్దెకిచ్చే దుకాణాలు చిన్న లోకం. వారం తిరగకుండా టోలిచౌకి మెకానిక్ సంగతి అందరికీ తెలిసిపోయింది. సినిమావాళ్ళెవరూ మళ్ళీ ఆ కొట్టు మెట్లెక్కలేదు.

ఇప్పుడు నాకే ఒక గోడౌన్ ఉంది, ఫిల్మ్ నగర్ వెనక సందులో. రేడియోలు, నల్ల టెలిఫోన్లు, టైపు మిషన్లు, గోడ గడియారాలు. నా దగ్గర తీసుకున్న వస్తువు సెట్టులో మొరాయించదని పేరుంది. ఆ ఫ్యాను మాత్రం గోనెసంచిలో చుట్టి పై అరలో ఉండేది. ఎవరడిగినా చెడిపోయిందనేవాణ్ణి.

ఈ ఎండాకాలంలో పాత ఆర్టు డైరెక్టరు జూబ్లీహిల్స్ ఆఫీసు నుంచి ఫోను చేశాడు. ఇప్పుడాయన చాలా పెద్దవాడు.

"ఒరేయ్, ఆ పొగల ఫ్యాను ఉందా ఇంకా?"

"ఉంది సార్."

"అదే కావాల్రా నాకు. అలాంటిది ఊరంతా వెతికినా దొరకట్లేదు. తిరిగేట్టు చేయించు. ఈసారైనా పని తెలిసినవాడికివ్వు."

ఫోను పెట్టేసి, నిచ్చెన వేసుకుని ఫ్యాను దించాను. ఎవరికిచ్చినా ముందు లోపల శుభ్రం చేసి ఇవ్వాలి, అది తెలుసు. కిరోసిన్ గిన్నె, గుడ్డ పక్కన పెట్టుకుని మూత విప్పాను. తోలు వాషరు రెండు ముక్కలై మాడిన అప్పడంలా ఉంది. గ్రీసు గట్టిపడి తారులా అంటుకుపోయింది. కాయిల్ బొగ్గు. మూత లోపల పెన్సిలు రాత ఏమీ చెదరలేదు.

బుష్ - నూనె. గేరు - గ్రీసు. ఆర్టు సార్‌కు చెప్పిన.

ఆ మూడో వాక్యం నాకు గుర్తు లేదు. గుర్తు పెట్టుకోలేదు.

నాకు ఉన్నట్టుండి మంచి బుద్ధి పుట్టిందని రాయను. జరిగింది ఇది. గుడ్డ కిరోసిన్‌లో ముంచాను. విప్పిన మోటారును శుభ్రం చేసేటప్పుడు ఎవరైనా ముందు బుష్ కడుగుతారు, జిడ్డంతా అక్కడ ఉంటుంది గనక. నా చెయ్యి ముందు మూత మీదికి వెళ్ళింది, రాత మీదికి. ఒక్కసారి తుడిస్తే పోతుంది. నా చెయ్యి అంత తిన్నగా, అంత అలవాటుగా అక్కడికి వెళ్ళడం చూసి నాకే అసహ్యం వేసింది. గుడ్డ గిన్నెలో పడేశాను. తోలు ముక్కలు ఒక స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్యాను ఆటోలో వేసుకుని ఆ పూటే టోలిచౌకి వెళ్ళాను.

టైలరు దుకాణం పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. టీ కొట్టు ఉంది. మధ్యలో ఆయన కొట్టూ ఉంది. గోడ మీద ఫ్యాన్లు లేవు, అరల నిండా మిక్సీలు. దళసరి కళ్ళద్దాల మీంచి నన్ను చూశాడు.

"ఏం కావాలె?"

"నేను చాచా. సినిమా... ఆర్టు సార్‌ని."

గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖం మాత్రం మారలేదు. "పాత ఫ్యాన్లు చేస్తలేను. బంద్ వెట్టిన. మిక్సీలు, కూలర్ మోటార్లు, గంతే."

"ఎప్పట్నుంచి?"

"మీ కాడికెళ్ళి వచ్చిన సంది. పాత మోటారు ముట్టాలంటే చెయ్యి మీద నమ్మకం ఉండాలె సార్. నాకు పోయింది."

డబ్బా తెరిచి ఆయన ముందున్న చెక్క మీద పెట్టాను. ఒక ముక్క తీసి కళ్ళద్దాలకు దగ్గరగా పట్టుకున్నాడు. వాసన చూశాడు.

"ఇది తోలు."

"అవును."

"నేను తోలు పెట్టలే."

"నేను పెట్టాను చాచా, పాత చెప్పు కోసి. బుష్‌లో గ్రీసు కూడా నేనే కూరాను. మీరు రాసింది చదివి మరీ కూరాను. మీ మీదికి నెట్టాను."

ఆయన ముక్కను మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేశాడు. బయటికి చూసి కేకేశాడు. "అరే, ఒక్క చాయ్ పంపు!"

ఒక్కటి. హైదరాబాదులో కొట్టుకు వచ్చిన మనిషిని ఎదురుగా పెట్టుకుని ఒక్క చాయ్ చెప్పడం అంటే ఏమిటో ఇక్కడ బతికినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చాయ్ వచ్చింది. ఆయన తాగాడు. నేను కూర్చున్నాను.

గ్లాసు పెట్టేశాక మాట్లాడాడు. "పదహారేండ్లాయె. నూనె డబ్బా మారిందా అనుకున్న. దుమ్ము పడ్డదా అనుకున్న. తీగ చుట్టేటప్పుడు ఏడన్న గీరుకుపోయిందా అనుకున్న. ఆ మోటారును మనసులనే ఇప్పి బిగించిన, ఎన్నిసార్లో. ఏడ తప్పు దొరకలే. దొరకకపోతే మనిషి ఏమనుకుంటడు? తప్పు లేదనుకోడు. నాకు కనబడ్తలేదు అనుకుంటడు."

ఖాళీ గ్లాసు పక్కకు జరిపాడు.

"పని పోయినందుకు గాదు కోపం. పని ఇంకోటి దొరికింది. నా చేతిని నాకు కాకుండ జేసినవ్."

"తప్పయింది చాచా."

"అయింది," అన్నాడు. తర్వాత, "ఫ్యాను ఏది?"

"ఆటోలో ఉంది."

"తే. తీగ నేను చుడ్త. బిగించుడు నువ్వు."

కాయిల్ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు పొద్దున్నే వెళ్ళాను. నేల మీద పాత దినపత్రిక పరిచి భాగాలన్నీ వరసగా పెట్టాడు. తాను మాత్రం స్టూలు మీద కూర్చుని చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

ముందు బుష్ కడిగించాడు. పుల్లకు గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి, లోపలికి పెట్టి తిప్పాలి. నాలుగు గుడ్డలు నల్లబడ్డాయి. శుభ్రమైందన్నాను. "నీ కండ్లకయింది. తెల్లగుడ్డ పెట్టి తెల్లగనే తియ్యి, అప్పుడు చెప్పు," అన్నాడు. తొమ్మిదో గుడ్డ తెల్లగా వచ్చింది. షాఫ్టు మీద మాడిన తోలు మరకను సన్నటి ఎమెరీ కాయితంతో రుద్దాను, అడ్డంగా కాదు, గుండ్రంగా, అది తిరిగే దారిలోనే.

బుష్ పక్కన చిన్న అర ఉంటుంది, అందులో ఫెల్ట్, అంటే దళసరి ఉన్ని ముక్క పెట్టాలి. దీపం వత్తి నూనె పీల్చినట్టు అది నూనె పీల్చి షాఫ్టుకు కొద్దికొద్దిగా అందిస్తుంది. ముందు రోజే నూనెలో నానబెట్టి ఉంచాడు. దాన్ని పెట్టినప్పుడు నాకు సంగతి పూర్తిగా అర్థమైంది. నేను గ్రీసు కూరింది ఆ దారిలోనే. లోపల నూనె ఉన్నా షాఫ్టుకు అందకుండా చేశాను.

షాఫ్టుతో పాటు తిరిగే రోటరును దించాను. షాఫ్టు రెండు చివర్లా ఫైబర్ వాషర్లు.

"రెండే. ఈపారి చెప్పు ఇప్పకు," అన్నాడు.

పక్క సెల్‌ఫోన్ల దుకాణం మనిషి చూస్తూ నిలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. చాచా నవ్వలేదు.

వెనక మూత పెట్టి, ఒక స్క్రూ చివరిదాకా బిగించి రెండోదానికి వెళ్ళాను. వేలితో షాఫ్టు తిప్పితే కదల్లేదు. "కుర్సీని ఒక్క కాలు మీద నిలవెడ్తవా? నాలుగూ ఇప్పు. ఎదురెదురువి రెండు, కొంచెం. మల్ల ఇంకో రెండు, కొంచెం. నడుమ నడుమ కొట్టు." స్క్రూడ్రైవరు చెక్క పిడితో మూత అంచు మీద తట్టుతూ, తిప్పి చూస్తూ, మళ్ళీ బిగిస్తూ పోయాను. తట్టినప్పుడల్లా లోపల ఏదో సర్దుకుంటున్నట్టు వేలికి తెలుస్తుంది. చివరికి షాఫ్టు వేలి నుంచి జారిపోయి తనంతట తను నాలుగు చుట్లు తిరిగింది. సెట్లు వేశాను, మహళ్ళు వేశాను, నా చేత్తో చేసిన ఏ పనీ అంత తిన్నగా సమాధానం చెప్పలేదు.

వెనక గేరులో గ్రీసు పెట్టాను. చిల్లులో నూనె పోశాను, పది చుక్కలు, ఆయన లెక్కపెట్టాడు. రెక్కలు బిగించి, వంగి ఊదాను. కదల్లేదు. "మూడో స్క్రూ. సగం సుట్టు ఎనక్కి," అన్నాడు కూర్చున్న చోటి నుంచే. వదులు చేసి ఊదాను. రెక్కలు కదిలాయి.

అప్పుడు మూత మళ్ళీ తీయించాడు. పెన్సిలు నా చేతిలో పెట్టాడు.

"రాయ్."

"ఏం రాయాలి చాచా?"

"ఏం జేసినవో గదే."

ఆయన రాత కింద రాశాను. తోలు వాషరు, గ్రీసు పెట్టి కాల్చింది నేను. కడిగి బాగు చేసింది నేనే. ఆయన అద్దాలు సర్దుకుని చదివి, 'బాగు చేసింది' మీద వేలు పెట్టాడు. "ఇది తప్పు. నువ్వు బిగించినవ్. తీగ చుట్టింది నేను. సరిగ రాయ్." తుడిచి, సరిగా రాశాను. మళ్ళీ మూత పెట్టి బిగించడం మొదటిసారి కన్నా సగం సమయంలో అయింది.

నేరుగా కరెంటు ఇవ్వనివ్వలేదు. మధ్యలో ఒక బల్బు కలిపాడు. లోపల ఏదైనా తేడా ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుందట. మినుకుమినుకుమంది, రెక్కలు బద్ధకంగా కదిలాయి. బల్బు తీసేసి నేరుగా కరెంటు పెట్టాం. గాలి వచ్చి కింద దినపత్రిక లేచింది. చప్పుడు దాదాపు లేదు.

ఆయన చాయ్ చెప్పాడు. ఆ రోజు కూడా ఒక్కటే. నేను లేచి వెళ్ళి టీ కొట్టు దగ్గర నిలబడి నా చాయ్ తాగి వచ్చాను.

"ఈడ నువ్వు నాకు చెప్పినవ్. నాకు చెప్తె ఏం ఫాయిదా? ఏడ అన్నవో గాడ చెప్పు. నేను వస్త," అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆయన్నీ ఫ్యానునూ నా బండిలో ఫిల్మ్ నగర్ తీసుకెళ్ళాను. భోజనాల వేళ. ఆర్టు, లైట్, కెమెరా వాళ్ళంతా బల్లల దగ్గర ఉన్నారు. ఫ్యాను చూడగానే మా పాత అసిస్టెంటు ఒకడు, "అన్నా, ఫ్యాను కథ చెప్పన్నా, వీళ్ళు వినలేదు," అన్నాడు. నేను వెతుక్కోనక్కర్లేకుండా అవకాశం అదే వచ్చింది.

చెప్పాను. మొదలు ఎప్పటిలాగే చెప్పాను. సెట్టు గోడల వెనక్కి వెళ్ళిన దగ్గర నుంచి మార్చాను. తోలు చెప్పు, ట్రాలీ గ్రీసు, మూత మీది రాత, నేనన్న మాట. నటుడు పరిగెత్తిన దగ్గర అలవాటుగా ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. "ఆ మెకానిక్ వీరే," అని చెప్పి ఆపేశాను.

ఆర్టు డైరెక్టరు కలిపిన అన్నం విస్తట్లోనే వదిలేశాడు. "ఇప్పుడెందుకురా ఇవన్నీ? అందరూ ఎప్పుడో మర్చిపోయారు."

"నేను మర్వలే సార్," అన్నాడు చాచా.

ఆర్టు డైరెక్టరు లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. చాచా ముందు నిలబడ్డాడు. చాచాయే అన్నాడు. "ఆ దినం తెరుస్తనంటిని, తెరవనియ్యలే. ఇప్పుడు తెరుస్త సార్."

"తెరవండి," అన్నాడు ఆయన.

భోజనాల బల్ల మీదే, గిన్నెలు పక్కకు జరిపి, చాచా నాలుగు స్క్రూలూ విప్పి మూత తిరగేసి పెట్టాడు. ఆర్టు డైరెక్టరు వంగి పైకే చదివాడు. చాచా రాత, కింద నా రాత. లైట్ పెద్దాయన కూడా వచ్చి చదివాడు. "డిమ్మర్ ఇస్తానన్నా గదరా ఆనాడే," అన్నాడు నాతో. ఈసారి అందరూ నవ్వారు, నన్ను చూసి. అది న్యాయమే.

మధ్యాహ్నం షాటులో కొత్త డైరెక్టరు కూడా రెక్కలు కనబడాలన్నాడు. నేనే వెళ్ళి లైట్ పెద్దాయన్ని డిమ్మర్ అడిగి తెచ్చాను. రెండు నిమిషాలు పట్టింది. ఇప్పుడు మాటలన్నీ సెట్టులోనే రికార్డు చేస్తున్నారు, సౌండ్ చూసే అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "ఫ్యాన్ ఆన్‌లోనే ఉందా?" అని అడిగింది.

చాచా వెళ్ళలేదు. కారు పంపుతామన్నా వెళ్ళలేదు. సెట్టు అంచున కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కట్ అన్నప్పుడల్లా లేచి వెళ్ళి, చెయ్యి తిరగేసి మోటారు మీద ఆనించి చూసి వచ్చాడు. జ్వరం చూసినట్టు. మొదట్లో అసిస్టెంటు డైరెక్టరు విసుక్కున్నాడు, తర్వాత ఆయన లేచి వచ్చేదాకా ఆగి షాటు పెట్టడం నేర్చుకున్నాడు. పొద్దుగూకేదాకా ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ప్యాకప్ చెప్పాక ఆఖరుసారి వెళ్ళాడు. ఈసారి అరచెయ్యి పూర్తిగా పెట్టి చాలాసేపు ఉంచాడు. నేను పక్కన నిలబడ్డాను.

"సల్లగనే ఉన్నది," అన్నాడు. నాతో కాదు, చేతితో అన్నట్టు.

తువ్వాలు భుజాన వేసుకుని నా వైపు తిరిగాడు. "రేపు తొమ్మిదింటికి వస్త. అందాక నువ్వు ముట్టకు."

నేను ముట్టలేదు.